కుడికే తిరిగిన నత్త

నంద్యాల డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ పిల్లలు నన్ను చాటుగా నత్తల మేడమ్ అనేవారు. నడకను బట్టి పెట్టిన పేరైతే మాత్రం అన్యాయమే. కదిలిపోతున్న ఆళ్లగడ్డ బస్సును పరిగెత్తి అందుకోవడంలో మా స్టాఫ్‌రూంలో నన్ను మించినవాళ్లు లేరు. రిటైరయ్యాక ఎక్కడ కనపడినా పాత విద్యార్థులు ఒకటే అడుగుతారు, మేడమ్, మీరు ఎన్ని కొత్త నత్తలకు పేర్లు పెట్టారు అని. ఒక్కదానికీ పెట్టలేదు. ఒకదానికి పెట్టబోయి ఆగిపోయాను. నా ఉద్యోగం మొత్తంలో చెప్పుకోదగ్గది ఆ ఆగిపోయిన సంగతేనని ఇప్పుడనిపిస్తోంది. లోకాన్నంతా తెర మీదే చూసే మీ వయసువాళ్లకు అది పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మీకు తెలిసిన నత్త వానాకాలంలో పెరటి గోడ మీద పాకేది. నేను చెప్పేది ఆవగింజంత ఉంటుంది. పూర్తిగా ఎదిగినా అంతే. రాలిన ఆకుల కింద, సున్నపురాళ్ల సందుల్లో, తడి ఉన్నచోట బతుకుతుంది. గుల్ల కట్టుకోవడానికి దానికి సున్నం కావాలి, మా వైపు సున్నపురాయికి కొదవ లేదు. ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు పోతుంటే అడవి మొదలుకాకముందే ఒక చిన్న గుట్ట వస్తుంది. అక్కడ ఏ రాయి కింద ఎండాకాలంలోనూ చెమ్మ నిలుస్తుందో మాకు మొదట చూపించింది ఆ పక్కనే ఉండి అడవి పనులకు పోయే ఒక చెంచు పెద్దావిడ. ఏటా తొలకరి తర్వాత ఆ గుట్టకు పోయి, సంచుల నిండా ఆకుచెత్త నింపుకుని బస్సెక్కేవాళ్లం. మమ్మల్ని చూసి కండక్టర్లు ముక్కున వేలేసుకునేవారు.

ఎక్కేది ఇద్దరం, నేనూ మా ల్యాబ్ అటెండరూ. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. వాళ్లది నంద్యాల బజారులో కిరాణా కొట్టు నడిపిన వైశ్య కుటుంబం. ఆయన ఇంటర్ దాకా చదివి, కొట్టు మూతపడ్డాక కాలేజీలో చేరారు. చిన్నప్పుడు వాళ్ల నాయన ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఆవాల్లో, గసగసాల్లో మట్టిరవ్వలు ఏరించేవాడట. ఆ వేళ్లే మా నత్తలకు పనికొచ్చాయి. చెత్తను వరండాలో ఆరబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన పొడిని ఇంటి నుంచి తెచ్చిన చేటలో పోసి చెరిగేవారు, నేమేవారు. చేట అలా ఊగుతుంటే మట్టి ఒక పక్కకు, ఖాళీ గుల్లలు ఇంకో పక్కకు చేరేవి. తర్వాత సన్న కుంచె మొన తడిపి ఒక్కో గుల్లనే ఎత్తి సీసాలో వేసేవారు. యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్లు ఆ చేట ముందు నోరెళ్లబెట్టి నిలబడేవారు. పుస్తకాల్లో ఈ పద్ధతి లేదే అని ఒకాయన అంటే, పుస్తకం రాసినాయన కొట్లో కూర్చోనుండడులే సార్ అని మళ్లీ చేట అందుకున్నారు మా అన్న.

నా సర్వీసు మూడేళ్లలో ముగుస్తుందనగా నా కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. మైక్రోస్కోపు గొట్టంలోకి చూస్తే అంతా మసక. కాలేజీవాళ్లు దయతలచి దానికొక కెమెరా బిగించి, కంప్యూటర్ తెరకు కలిపారు. ప్రాణం లేచొచ్చింది. ఒకటే చికాకు, తెర మీద బొమ్మ తలకిందులుగా వచ్చేది. కుంచెను కుడికి జరిపితే తెర మీద ఎడమకు పోయేది, పైకి జరిపితే కిందకు పోయేది. సెట్టింగుల్లో వెతికితే రెండు గళ్లు కనపడ్డాయి. ఒకటి కుడి ఎడమలను మార్చేది, రెండోది పై కిందులను మార్చేది. నన్ను విసిగించేది కుడి ఎడమలే కాబట్టి ఆ ఒక్క గడి నొక్కాను. రెండోదాని జోలికి పోలేదు. చెయ్యి హాయిగా కదిలింది. ఈ గడి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ వారమే గుట్ట నుంచి వచ్చిన ఒక సీసాలోని గుల్లలను తెర మీద చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గుల్ల మొనను పైకి, నోటిని మనవైపు ఉంచి చూస్తే, మామూలు నత్తకు నోరు కుడి పక్కన ఉంటుంది. వీటికి ఎడమ పక్కన ఉంది. అలా ఎదురు మెలిక తిరిగేవి చాలా అరుదు. అరుదైన తిరుగుడున్న శంఖానికి పూజగదుల్లో ఎంత మర్యాదో మీకు తెలుసు, మాకూ అంతే. పాత పుస్తకాల్లో బొమ్మలన్నీ తిరగేశాను. పొడవు, చుట్ల లెక్క, నోటి అంచు, అన్నీ ఒక పాత జాతితో సరిపోతున్నాయి, తిరుగుడు మాత్రం వేరు. కొత్త జాతి అని చెప్పాలంటే తెలిసినవాటన్నింటికంటే ఎందులో వేరో చూపించాలి, గుల్లలను భద్రపరచాలి, ఫోటోలతో వివరం అచ్చులో రావాలి. వేరు దొరికింది కాబట్టి మిగతావన్నీ నేను చూసుకోగలననుకున్నాను.

ఎనిమిది నెలలు ఆ ఒక్క సీసాతోనే గడిపాను. వ్యాసం రాసి విదేశీ పత్రికకు పంపాను. వాళ్లు ఫోటోలు చూసి సంబరపడి, చిన్న చిన్న మార్పులతో ఒప్పుకున్నారు. ఆ మెయిల్ వచ్చిన రోజు అన్నను పిలిచి, ఈ నత్తకు నీ పేరు పెడుతున్నానని చెప్పాను. ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకున్నారు.

"ఆ పేరు ఎన్నాళ్లుంటాది మేడమ్?" అన్నారు.

"నత్తలు లేకపోయినా ఉంటాదన్నా," అన్నాను.

సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. ఆయన భార్య మా ఇంటికి బొబ్బట్లు పంపింది. పాములపాడులో ఉన్న వియ్యంకులు ఫోన్ చేసి, మా ఇంటి పేరు కూడా వస్తాదా అని అడిగారట. కొట్టు మూతపడిన రోజు నుంచి బజారులో తల వంచుకుని నడిచిన మనిషి, మళ్లీ నలుగురితో నిలబడి మాట్లాడటం చూశాను. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్మెంట్. వీడ్కోలు సభ రోజుకు వ్యాసం అచ్చయి రావాలని నేను పత్రికవాళ్ల వెంటపడ్డాను. ఆయన పేరు ఆ సభలో అందరి ముందు చదవాలన్న పట్టుదల తప్ప నాకప్పుడు ఇంకో ధ్యాస లేదు.

మా ప్రిన్సిపాల్‌కు ఇంకో ధ్యాస ఉండేది. వచ్చే నెలలో కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. గేటు దగ్గర ఆ నత్తను నిలువెత్తు రాతిలో చెక్కించి పెడితే బాగుంటుందని ఆయనకు తోచింది. రాయి పని అనగానే ఆళ్లగడ్డ. అక్కడొక పేరున్న శిల్పికి కబురు చేసి, ఫోటో పంపించారు. ఫోటో చూసి చెక్కేది లేదు, వస్తువు తీసుకురమ్మను అని శిల్పి కబురు తిప్పికొట్టాడు. ఆవగింజంత వస్తువును చూసి ఆయనేం చెక్కుతాడని మేం నవ్వుకున్నాం. కానీ తనిఖీ దగ్గరపడుతోంది. పత్రిక నుంచి చివరి ప్రూఫులు వచ్చి, రెండు రోజుల్లో దిద్ది పంపమన్నారు. ఆ మొదటి రోజే అన్నా నేనూ సీసా ఒకటి, భూతద్దం ఒకటి, ఫోటో పెద్దగా అచ్చువేయించిన కాగితం ఒకటి పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాం.

శిల్పిది రోడ్డు పక్కనే రేకుల పాక. ఒంటి నిండా రాతిపొడి. సగం చెక్కిన అమ్మవారు ఒక పక్క, ఎవరో ఊరి పెద్దాయన నిలువెత్తు విగ్రహం ఇంకో పక్క. ఫోటోల మీద ఎందుకంత కోపం అని అడిగాను. ఆయన ఉలి కింద పెట్టి, ఒక విగ్రహం కథ చెప్పాడు. చనిపోయిన ఒకాయన కోసం ఇంటివాళ్లు ఫోటో తెచ్చిచ్చారట. బతికుండగా సెల్లులో తనే తీసుకున్నది. చెంప మీద పుట్టుమచ్చతో సహా ఈయన అచ్చుగుద్దినట్టు చెక్కాడు.

"ఆయమ్మ వచ్చి చూసి, ఈయన మా ఆయన కాదనింది," అన్నాడు. "మచ్చ అవతలి చెంపకంట. సెల్లు అద్దం మాదిరి తిప్పి చూపించిందమ్మా. రాయికి రబ్బరు పెట్టి చెరపలేం కదా. ఆ రోజు నుంచి నేను ఫోటోను నమ్మను."

నేను నవ్వాను. మాది సెల్లు కాదు, మైక్రోస్కోపు అన్నాను. ఆయన నల్ల పలక మీద గుల్ల పెట్టించుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని వంగాడు. స్వామి చేతిలో శంఖం ఎన్నిసార్లు చెక్కాడో ఆ చేతికి తెలుసు. చాలాసేపు చూసి, సుద్దముక్క తీసుకుని బండ మీద ఒక మెలిక గీశాడు. తర్వాత మా కాగితం చూసి పక్కనే ఇంకో మెలిక గీశాడు. రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

"ఇది మీ నత్త. ఇది మీ కాగితం," అన్నాడు. "రెంటిలో యాది చెక్కాల?"

నాకు ఒళ్లు మండింది. గుల్లను తలకిందులుగా పెట్టి చూస్తున్నారు, అందుకే అలా కనపడుతోంది అన్నాను. ముప్ఫై ఏళ్ల సర్వీసు అనే మాట కూడా వాడినట్టు గుర్తు. ఆయన రాయి కోసే యంత్రం పక్కన పడున్న బోల్టు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని తిరగేసి పట్టుకోమ్మా. మర ఎదురు తిరిగిందా?"

తిరగేశాను. మర అటే ఉంది. మెలికను తలకిందులు చేసినా తిరుగుడు మారదని ప్రతి ఏడాదీ క్లాసులో సుద్దముక్క పట్టుకుని నేనే చెప్పేదాన్ని. దాన్ని మార్చేది అద్దం ఒక్కటే. ఆ మాట నా నోటిలోనే ఉండగా నా కంప్యూటర్‌లోని ఆ గడి గుర్తొచ్చింది. రెండు గళ్లూ నొక్కి ఉంటే బొమ్మ సరిగ్గా వచ్చేది. ఒక్కటే నొక్కి నేను తెరను అద్దం చేశాను. అక్కడే రాళ్ల మీద కూర్చుండిపోయాను. శిల్పి కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చాడు. మా అన్న గోడకు ఆనుకుని, బండ మీది సుద్దగీతల వంకే చూస్తూ నిలబడ్డారు.

బస్టాండులో నంద్యాల బస్సు కోసం కూర్చున్నప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఎనిమిది నెలల కిందట, మొదటి రోజుల్లో, ఆయన కుంచె మొన మీద గుల్లను పట్టుకుని నా భుజం వెనక నిలబడ్డారు. మేడమ్, కుంచె మీద ఒక మాదిరి, తెర మీద ఇంకో మాదిరి ఉండాది అన్నారు. నేను తల తిప్పకుండా, నువ్వు గుల్లలు ఏరన్నా, చూసేది నేను చూస్తా అన్నాను. విసుగ్గానే అన్నాను. ఏరడం నీ వంతు, శాస్త్రం నా వంతు అనే అర్థం అందులో ఉంది. ఆ మాటకు సిగ్గుపడని రోజు ఈనాటికీ లేదు.

"అప్పుడే చెప్పినావు కదన్నా," అన్నాను.

"చెప్పినా."

"మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన సీసా ఉన్న సంచిని ఒళ్లో సర్దుకున్నారు. ఆళ్లగడ్డ బస్టాండు రద్దీలో ఆయన మాట వినడానికి నేను కాస్త దగ్గరికి జరగాల్సొచ్చింది.

"నా పేరు పెడతాండామని చెప్పినారు. ఆ పొద్దు నుంచి నేను దాన్ని సరిగ్గా చూడల్యా మేడమ్. చూస్తే యాడ పోతాదోనని."

ఆయన చూడటం మానేసింది నేను పేరు ఆశ చూపాక. నేను చూడటం మానేసి అప్పటికే చాలా నెలలైంది.

మధ్యాహ్నానికి ల్యాబులో ఉన్నాం. సీసాలోని గుల్లను కెమెరా కింద పెట్టి, ఆ గడి మీద మళ్లీ నొక్కాను. నత్త ఒక్కసారిగా కుడికి తిరిగి కూర్చుంది. పాత పుస్తకంలో బొమ్మ పక్కన పెడితే కవలల్లా ఉన్నాయి. మరెవరో ఎన్నడో వేరే కొండల నుంచి తెచ్చి, వర్ణించి, పేరు పెట్టేసిన మామూలు నత్త. ఆ ఎనిమిది నెలల్లో ఇంకో గుల్లను, ఏ గోడ మీది నత్తనైనా సరే, ఒక్కసారి ఆ కెమెరా కింద పెట్టి ఉంటే అదీ ఎదురు తిరిగి నా కళ్లు తెరిపించేది. నాకు కావాల్సింది దొరికాక ఇంకోదాన్ని చూడబుద్ధి కాలేదు. ఎడమ తిరుగుడు పోతే ఆ వ్యాసంలో కొత్తదేమీ మిగలదు. బొమ్మ దిద్ది పంపడానికి కూడా వీల్లేదు.

ప్రిన్సిపాల్‌కు చెప్పాను. చెడ్డమనిషి కాదాయన, కాలేజీ గురించి కంగారు ఎక్కువ. తనిఖీ అయ్యేదాకా ఆగండి మేడమ్, తర్వాత మెల్లగా ఒక సవరణ రాద్దాం, కంటికి కనపడని నత్త ఎటు తిరిగితే ఎవరికేం అన్నారు. అచ్చులో పేరు పడితే చాలు, ఆ అటెండరు కూడా సంతోషంగా రిటైరవుతాడు అని కూడా అన్నారు. ఆ చివరి మాట దగ్గర నేను కొంచెం ఊగాను, అబద్ధం చెప్పను. నెలాఖరుకు ఇంకా పది రోజులే ఉన్నాయి. బొబ్బట్లు పంపిన ఆవిడ మొహం కళ్లముందు కదిలింది. ప్రూఫులు అలాగే తిప్పి పంపడానికి ఒక్క నొక్కు చాలు, అప్పటికి నాకు నొక్కడం బాగా అలవాటైపోయింది కూడా.

మర్నాడు పొద్దున ల్యాబులో కూర్చుని ఉత్తరం టైపు చేశాను. అన్న పక్క స్టూలు మీద కూర్చున్నారు. ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం, కెమెరా అమరిక తప్పు, ఆ తప్పు నాది, గుల్లలు తెలిసిన జాతివే. పంపేముందు ఆయన వంక చూశాను. ఇది పోతే నీ పేరు పోతుందన్నా అన్నాను. ఆ మాట అనడం నాకెంత కష్టమైందో చెప్పలేను.

"మా నాయన కొట్లో ఒకసారి కందిపప్పు మూటలో రాళ్లొచ్చినాయి," అన్నారాయన. "అమ్మినంత వెనక్కి తెప్పించినాడు. ఇంటింటికీ నన్నే పంపినాడు. ఆ పొద్దు ఏడ్చినా. పంపండి మేడమ్."

పంపేశాను. ఆయన లేచి, కడిగే సీసాలేమన్నా ఉన్నాయా అని వెతికి, కడిగినవే మళ్లీ కడిగారు.

వీడ్కోలు సభకు ఆయన బంధువులంతా వచ్చారు. పాములపాడు వియ్యంకులు ముందు వరసలో కూర్చున్నారు. నత్త సంగతి ఎవరూ ఎత్తొద్దని ప్రిన్సిపాల్ ముందే అందరికీ చెప్పిపెట్టారు. అలా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అటెండరు ఏదో గొప్పలు చెప్పుకున్నాడని బజారులో మిగిలిపోతుంది. నా వంతు వచ్చినప్పుడు మైకు ముందుకు పోయి, ఏ గడి నొక్కానో దగ్గర నుంచి మొత్తం చెప్పాను. ఆ తప్పును ముందుగా కనిపెట్టింది ఈయనేనని, నేను నోరు మూయించానని, తన పేరు పోతుందని తెలిసీ ఉత్తరం పంపమన్నది కూడా ఈయనేనని చెప్పాను. చప్పట్లు లేవు. ముందు వరసలో ఆయన భార్య చెంగుతో కళ్లు ఒత్తుకోవడం కనపడింది. ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నారు.

సభ అయ్యాక మెడలో దండతోనే ఆయన నా దగ్గరికొచ్చారు. అంతమందిలో చెప్పే పని లేకపోయె మేడమ్ అన్నారు. ఆయన దండ తీసి చేతికి చుట్టుకుంటూ, "వానలు పడినాయి. గుట్టకు ఎప్పుడు పోతాండాం?" అని అడిగారు.

నా మొండితనం గురించి ఇంట్లోవాళ్లకు చాలా ఫిర్యాదులున్నాయి. ఆ ప్రశ్న విన్నాక అది రెట్టింపైంది. అరుదైనదాన్ని వెతకడం మానేద్దాం, ఆ గుట్ట మీద ఏమేం ఉన్నాయో అన్నీ వరసగా, తప్పు లేకుండా రాద్దాం అనుకున్నాం. ముందు కళ్లకు ఆపరేషన్ చేయించుకున్నాను. తర్వాత మూడు వానాకాలాలు గుట్ట పట్టుకుని తిరిగాం. ఆయనకు అటెండెన్సు రిజిస్టరు లేదు, రెండో ఏడు దాటాక నాకూ లేదు. నా కుర్చీలోకి వచ్చిన లెక్చరరమ్మ ల్యాబులో ఒక మూల మాకు వదిలిపెట్టింది. రూలు ఒకటే. ఏ గుల్లనైనా ముందు ఆయన భూతద్దంలో చూసి కాగితం మీద గీస్తారు. తర్వాత నేను గొట్టంలోకి చూసి గీస్తాను. రెండు గీతలూ కలిస్తేనే కంప్యూటర్ తెర ముట్టేది. కలవని రోజుల్లో పోట్లాడుకునేవాళ్లం. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవారు, నేను టీ తెప్పించేదాన్ని.

ఆ మొదటి వానాకాలంలోనే ఆళ్లగడ్డలో దిగి శిల్పి దగ్గరికి పోయాం. గేటు దగ్గర రాతినత్త ఆలోచన కాలేజీ ఎప్పుడో మానుకుంది. ఆయన మమ్మల్ని చూసి, మూలన పెట్టిన గుడ్డ విప్పి పిడికిలంత నల్లరాతి నత్తను తీశాడు. విగ్రహం మలచగా మిగిలిన ముక్కలో చెక్కాడట. కుడి తిరుగుడు, నోటి అంచుతో సహా. నాకోసమేమోనని చెయ్యి చాచాను.

"నీకు కాదమ్మా, ఈయప్పకు," అన్నాడు. "ముందు చూసిండేది ఈయప్పేనంట కదా."

కిందటేడు మా పట్టిక ఒక చిన్న పత్రికలో అచ్చయింది. అందులో కొత్త జాతి ఒక్కటీ లేదు. అన్నీ తెలిసినవే, మామూలువే, కానీ ఆ గుట్ట మీద ఉన్నాయని ఇంతకుముందు ఎవరూ రాయనివి. రాసినవాళ్ల పేర్లలో ఆయన పేరు ముందు, నా పేరు వెనక. ఇంటర్ చదివిన అటెండరు పేరు ముందెలా వేస్తామని ఒక పెద్దమనిషి అభ్యంతరపెడితే, ఆయన గీసిన కాగితాలన్నీ కట్టగట్టి పంపించాను. ఆ పేరు ముందే నిలిచింది.

అచ్చు ప్రతి పట్టుకుని ఆయన ఇంటికి పోయాను. పేరు పెడుతున్నానని చెప్పిన ఆ మొదటి సాయంత్రం బజారంతా చెప్పొచ్చిన మనిషి, వరండాలో కూర్చుని అద్దాలు పెట్టుకున్నారు. తన పేరు మీద వేలు పెట్టి చదివారు. ఇంకోసారి చదివారు. పేజీలు తిప్పి మన పాత నత్త ఫోటో దగ్గర ఆగారు. లోపలికి పోయి రాతినత్తను తెచ్చి, దాన్ని ఫోటో పక్కన నిలబెట్టి, మెలిక వెంబడి వేలితో పై నుంచి కిందికి మెల్లగా తిరిగారు.

"సరిగ్గా ఉండాది మేడమ్," అన్నారు.

అప్పుడు లోపలికి తిరిగి, ఒకసారి ఇట్లా రా అని భార్యను పిలిచారు.